ఎస్‌వీసీ-1 గారు ఛార్జి అప్పగించలేదు

మా మునిసిపాలిటీలో ఫైలు దిద్దడానికి ఎవరికీ అడ్డు లేదు. ఎవరైనా దిద్దవచ్చు. దిద్దగానే తెర మీద 'భద్రపరచబడినది' అని పచ్చటి అక్షరాలు పడతాయి. కాసేపాగి చూస్తే మాత్రం ఫైలు ఎప్పటిలాగే ఉంటుంది. చాలాకాలం దీన్ని ఎవరూ లోపమని అనుకోలేదు. పని చేసినా చేయకపోయినా ఫలితం ఒకటే కావడం మా ఆఫీసుకు కొత్త కాదు కాబట్టి, కంప్యూటర్లు కూడా మన దారికి వచ్చాయని సిబ్బంది సంతోషించారు.

నా పేరు దయాకర్. నేను అక్కడ ఔట్‌సోర్సింగ్ ప్రోగ్రామర్ని. అంటే కంప్యూటర్ మొండికేసినప్పుడు మనవాణ్ణి, గ్రూపు ఫొటో తీసేటప్పుడు బయటివాణ్ణి.

కథంతా కమిషనర్ గారు శిక్షణకు వెళ్ళి రావడంతో మొదలైంది. అక్కడ ఎవరో ఆయనకు వర్షన్ కంట్రోల్ గురించి చెప్పారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ ఫైళ్ళను అందులో దాచుకుంటారు. ఏ వాక్యాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో అందులో శాశ్వతంగా ఉండిపోతుంది. పాత ప్రతి ఎక్కడికీ పోదు. ఒకరు ఫైలు తీసుకుని తాళం వేసుకుంటే, వాళ్ళు వదిలిపెట్టేదాకా మరొకరు దాన్ని మార్చలేరు. ఇదంతా విని కమిషనర్ గారికి కళ్ళు చెమర్చాయట. సర్కారు ఆఫీసు ఆత్మను ఎవరో పుణ్యాత్ముడు యంత్రంలో పెట్టాడని భోజనాల దగ్గర అన్నారట.

ఆయన తిరిగి వచ్చీ రాగానే సర్క్యులర్ తీశారు. దీనికి 'రూపాంతర నియంత్రణ వ్యవస్థ' అని నామకరణం చేశారు. నీళ్ళ వేళలు, వీధి దీపాలు, కుక్కల లైసెన్సులు, చివరికి క్యాంటీన్‌లో ఏ రోజు ఏ కూరో కూడా అందులోకి ఎక్కాయి. ఆఫీసువాళ్ళు ఫైలు దిద్దే పాత తెరకూ ఈ కొత్త ఖజానాకూ మధ్య వంతెనలాంటి ప్రోగ్రాం ఒకటి కావాల్సి వచ్చింది. నాకు ముందున్న అబ్బాయి అది రాసి, అందరికీ దండం పెట్టి, బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆ వంతెన వచ్చి నా నెత్తిన పడింది.

ఈ ఫైళ్ళన్నింటిలోకీ నీళ్ళ వేళల ఫైలు వేరు. అందులో ఏ వేళ రాసి ఉంటే ఆ వేళకు పంపుహౌసులో మోటారు దానంతటదే నడుస్తుంది. చేత్తో వేసే స్విచ్చులకు కమిషనర్ గారు పారదర్శకత కోసం లక్క సీళ్ళు వేయించారు. కాగితం మీది వేళలను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎవరిదో చూపు ఒక వరుస కిందికి జారింది. దాంతో మేదరబస్తీకి రావాల్సిన తెల్లవారుజాము నీళ్ళు మునిసిపల్ పార్కుకు, పార్కుకు పోవాల్సిన పదకొండింటి నీళ్ళు మేదరబస్తీకి కుదిరాయి. పదకొండింటికి బస్తీలో మనిషన్నవాడు ఉండడు. అందరూ పనుల్లోకి పోతారు. నల్లాలు కాసేపు మోరీలోకి పారి ఆగిపోతాయి. పార్కులో గడ్డి మాత్రం ఏపుగా పెరిగింది.

ఆ బస్తీ నుంచి శంకరవ్వ వచ్చింది. బస్టాండు ముందు ఇడ్లీ బండి ఆమెది. భర్త పోయాక ఇల్లు ఆ బండి మీదే నడుస్తోంది. మొదటి బస్సు కదిలే వేళకు ఇడ్లీలు దిగాలి. తెల్లారి నీళ్ళు లేకపోతే బండి లేదు. బండి రాని రోజున పక్కనున్న మిర్చీల బండివాడు ఆమె జాగాలోకి కొంచెం జరుగుతాడు. ఇప్పటికే అక్కడ ఒక స్టూలు వేశాడట. జాగా పోతే మళ్ళీ దొరకదు. ఆమె ఖాళీ బిందె తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"నీళ్ళు పొద్దుగాల రావాలె సారు. పదకొండింటికి వస్తే మోరీ తాగుతున్నది, మేం తాగుతలేం."

నాకు నవ్వొచ్చింది గానీ ఆమె నవ్వడం లేదని చూసి మింగేశాను. ఇదెంత పని అని, ఆమె ఎదుటే రెండు వేళలూ అటుదిటు మార్చాను. పచ్చటి అక్షరాలు పడ్డాయి. చల్లగుండు బిడ్డా అని దీవించి వెళ్ళింది. మర్నాడు కూడా నీళ్ళు పదకొండింటికే వచ్చాయి. ఆ దీవెన తిరిగి తీసుకోవడానికి ఆమె స్వయంగా వచ్చింది.

నాకు మొదట నా మీదే అనుమానం కలిగింది. తర్వాత పక్క సీటు క్లర్కు మీద కలిగింది. చివరికి వంతెన ప్రోగ్రాం నకలొకటి నా కంప్యూటర్లో పెట్టుకుని, అడుగడుక్కీ 'ఇక్కడిదాకా వచ్చాను' అని చెప్పే వాక్యాలు అందులో దూర్చి, ఒక ఫైలు వెంట కాపలా కాశాను. తల ప్రాణం తోకకు వచ్చాక దొంగ దొరికాడు. ఖజానా తలుపు తీయడానికి ఆ ప్రోగ్రాం వాడుకునే ఖాతా ఒకటుంది. పేరు ఎస్‌వీసీ-1. అది మనిషి కాదు, ఉత్త పేరు. ఎవరైనా ఒక ఫైలును మొదటిసారి భద్రపరచగానే, ఎస్‌వీసీ-1 దాన్ని తన పేరిట తీసుకుని తాళం వేసుకుంటుంది. పని కాగానే వదిలిపెట్టాలి. వదిలిపెట్టమని చెప్పే ఆ ఒక్క వాక్యం రాయడం బెంగళూరు అబ్బాయి మరిచిపోయాడు. అందుకని తాళం దాని దగ్గరే ఉండిపోతుంది. ఆ తర్వాత మనం ఏం రాసినా పచ్చటి అక్షరాలతో మర్యాదగా పుచ్చుకుని, తన చేతిలో ఉన్న పాత ప్రతిని దాని మీద కప్పేస్తుంది.

రోగం తెలిసింది. మందు ఒక్క వాక్యం. కాకపోతే ఆ వాక్యం రాయాల్సిన ప్రోగ్రాం కూడా ఖజానాలోనే, ఎస్‌వీసీ-1 తాళం కిందే ఉంది. అదీ పెద్ద చిక్కేం కాదు. ప్రధాన ఖాతాతో లోపలికి వెళ్ళి తాళం తీసేయవచ్చు. ఆ ఖాతా రహస్యపదం సీలు వేసిన కవరులో, ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్ పరాంకుశం గారి బీరువాలో ఉంది.

పరాంకుశం గారు మాట్లాడితే నోట్‌ఫైలు చదివినట్టుంటుంది. ఇంట్లో కూడా 'పై విషయమై పప్పునందు ఉప్పు తగ్గినట్లు గమనించడమైనది' అంటారని వదంతి. నేను చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"సదరు ఫైలు ప్రస్తుతము ఎవరి అధీనమున ఉన్నది?"

ఎస్‌వీసీ-1 దగ్గర ఉందన్నాను. ఏ సెక్షన్ అని అడిగారు. సెక్షన్ ఉండదు, అదొక ప్రోగ్రాం పేరు, ఉద్యోగి కాదన్నాను.

"ఫైలు ఒకరి అధీనమున ఉన్నదనిన, వారు ఉద్యోగి అయి ఉండవలెను. ఉద్యోగి కానివారి వద్ద ఫైలు ఉన్నదనిన, అది దొంగతనము. ఈ కార్యాలయమున దొంగతనము జరిగినదని తమరు లిఖితపూర్వకముగా ఇవ్వగలరా?"

ఇవ్వలేనన్నాను.

"అయిన యెడల ఉద్యోగియే" అన్నారు పరాంకుశం గారు.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. ఏ ఫైలైనా ఎవరి పేరిట ఉంటే, వాళ్ళు సంతకం పెట్టి ఛార్జి అప్పగించేదాకా అది వాళ్ళదే. ఇంకొకరు ముట్టుకోకూడదు. వెనక ఒక క్లర్కు బీరువా తాళంచెవి జేబులో వేసుకుని కాశీకి పోతే, ఆయన గంగలో మునిగి, గయ చూసుకుని, దారిలో చుట్టాలందరినీ పలకరించి వచ్చేదాకా ఆ బీరువాను ఎవరూ తెరవలేదు. ఆఫీసు ముద్ర అందులోనే ఉంది. ఆ కాలమంతా ఊళ్ళో పుట్టినవాళ్ళకు పుట్టినట్టు రుజువు లేదు. ఆ సంగతి పరాంకుశం గారు ఇప్పటికీ గర్వంగా చెబుతారు.

కాబట్టి ఎస్‌వీసీ-1కి మెమో తయారైంది. ఫైళ్ళను తన వద్ద అట్టేపెట్టుకొనుటకు గల కారణములు తెలుపవలసిందని అందులో ఉంది. చిరునామాదారు సీటులో లేనప్పుడు తలుపుకు అంటించాలి గనక, ఇద్దరు సాక్షులను తీసుకెళ్ళి, ఎస్‌వీసీ-1 నడిచే సర్వరు ఉన్న బీరువా తలుపుకు అంటించారు. ఇంకో ప్రతి ఈమెయిలు చేశారు. ఈమెయిలుకు వెంటనే జవాబొచ్చింది: 'మీ సందేశం అందినది. త్వరలో పరిష్కరించబడును.' ఎవరు ఏం పంపినా ఆ ఖాతా ఇచ్చే జవాబు అదొక్కటే. నేనా మాట అనేలోపే పరాంకుశం గారు దాన్ని ప్రింటు తీయించి, కళ్ళకద్దుకున్నంత పని చేశారు. ఇంత క్లుప్తంగా, ఇంత వినయంగా, ఏ విషయానికీ కట్టుబడకుండా జవాబు రాయగలిగిన ఉద్యోగి తన సర్వీసులో తగల్లేదన్నారు. మెమో మీద 'సమాధానము సంతృప్తికరము' అని పచ్చ సిరాతో రాశారు.

అప్పటినుంచి ఆఫీసులో అందరూ దాన్ని ఎస్‌వీసీ గారు అనడం మొదలుపెట్టారు.

మెమో సంగతి ఉద్యోగుల సంఘం నాయకుడు జంగయ్య చెవిన పడింది. నోరు లేనివాడి మీద జులుం ఏమిటని ఆయన సర్వరు గది ముందు టెంటు వేసి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆదివారం లేదు, పండగ లేదు, రాత్రీ పగలూ పనిచేస్తున్న ఎస్‌వీసీని పర్మినెంటు చేయాలని నినాదాలు ఇచ్చారు. నేను కూడా ఔట్‌సోర్సింగ్ వాణ్ణే కదా అని నా పేరు ఎత్తితే, ముందు సీనియారిటీ ప్రకారం పోదామన్నాడు జంగయ్య. కమిషనర్ గారు టెంటులోకి స్వయంగా వచ్చి నిమ్మరసం ఇచ్చారు. జెండా పండగ రోజున ఎస్‌వీసీ గారికి ఉత్తమ సేవా పత్రం ప్రకటించారు. చేజిక్కిన ఫైలును ఎట్టి ఒత్తిడికీ లొంగక నిలుపుకొనుట ఆదర్శప్రాయమని అందులో రాశారు. దానికి చట్రం కట్టించి, మెమో పక్కనే తగిలించారు.

ఆ మర్నాడు శంకరవ్వ వచ్చింది. మిర్చీల బండివాడు స్టూలు పక్కన పొయ్యి కూడా పెట్టాడట. ఆమె దూరపు గల్లీ నుంచి నీళ్ళు మోసుకుని ఒకరోజు బండి పెడితే, మోకాళ్ళ నొప్పితో మర్నాడు పెట్టలేకపోతోంది. సర్వరు గది ముందు నిలబడి, అద్దంలోంచి లోపలికి చాలాసేపు చూసింది.

"గీయననేనా సారు, ఫైలు పట్టుకున్నది?"

మనిషి లేడవ్వా, అదొక మిషను అన్నాను.

"మనిషే గానోన్ని ఇంతమంది బతిమిలాడుడేంది?" అంది. ఇంత చదువుకుని ఆమెకు ఒక బిందెడు నీళ్ళు ఇప్పించలేకపోయానని సిగ్గేసింది.

ఆ సిగ్గులోంచే ఒక ఉపాయం పుట్టింది. ఎస్‌వీసీ ఉద్యోగి అయితే దానికి సెలవులు ఉండాలి. సెలవు మీద వెళితే ఛార్జి ఇంకొకరికి ఇవ్వాలి. నేనే దాని తరఫున దరఖాస్తు రాసి పెట్టాను. పరాంకుశం గారు దాన్ని ఎంతో సానుభూతితో చదివారు. ఎస్‌వీసీ గారు అలసి ఉంటారనే విషయాన్ని ఆయన కూడా గమనించారట. అయితే ఛార్జి తీసుకునేవారు అదే కేడరుకు చెంది ఉండాలి. ఎస్‌వీసీ కేడరులో మరొకరు లేరు. కొత్త పోస్టు సృష్టించే ఫైలు పెడదామంటే, ఆ ఫైలు ఎస్‌వీసీ గారి దగ్గరే ఉంది. అందుచేత ప్రజాప్రయోజనాల దృష్ట్యా సెలవు నిరాకరించారు.

ఇలా ఎండాకాలం వచ్చింది. సర్వరుకు కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీలు ఎప్పుడో పాడయ్యాయి. కొత్తవి కొనే ఫైలు ఎవరి దగ్గర ఉందో వేరే చెప్పనక్కర్లేదు. ఒక ఉదయం ఆఫీసు వెనక ట్రాన్స్‌ఫార్మర్ పెద్ద చప్పుడుతో పేలింది. బ్యాటరీలు మూలిగాయి. సర్వరు మీద దీపాలన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి.

పరాంకుశం గారు వచ్చి, చీకటి బీరువా ముందు నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"విధి నిర్వహణలో ఉండగా ఎస్‌వీసీ-1 గారు దివంగతులైనట్లు విచారముతో తెలియపరచడమైనది."

వెంటనే సంతాప సభ ఏర్పాటైంది. సర్వరు గది వరండాలోనే కుర్చీలు వేశారు. ఉత్తమ సేవా పత్రానికి దండ వేసి, అగరుబత్తి ముట్టించారు. కమిషనర్ గారు మాట్లాడుతూ, ఒక్క ఫైలూ చేజారనివ్వని చేతులు నేడు చల్లబడ్డాయన్నారు. దానికి చేతులు లేవన్న సంగతి ఆ గంభీర వాతావరణంలో ఎవరూ ఎత్తలేదు. ఎన్నడూ ఎదురు మాట్లాడని సోదరుడని చెబుతూ జంగయ్య నిజంగానే ఏడ్చాడు. భార్యాపిల్లల వివరాలు సర్వీసు రిజిస్టరులో ఖాళీగా ఉన్నాయని పరాంకుశం గారు బాధపడ్డారు.

ఆ ఉపన్యాసాల మధ్యలో కరెంటు వచ్చింది. గది లోపల సర్వరు పక్కనున్న తెర వెలిగింది. సర్వరు మెల్లగా మేలుకుంటోంది. వరండాలోవాళ్ళు అటు చూడలేదు. నేను మాత్రం లోపలికి జారుకుని చూశాను. తాళాల జాబితా తెల్లకాగితంలా ఖాళీగా ఉంది. సర్వరు పడిపోవడంతో తాళాలన్నీ ఊడిపోయాయి. ఎస్‌వీసీ-1 ఇంకా నిద్ర లేవలేదు. లేచిందంటే మళ్ళీ ఎవరు ఏ ఫైలు భద్రపరిస్తే ఆ ఫైలు దాని గుప్పిట్లోకి పోతుంది.

సంతాప సభ జరిగిన రోజున ఆఫీసులో ఎవరూ పని ముట్టుకోకూడదు, అది ఛార్జి అప్పగింత కంటే పాత ఆచారం. సరిగ్గా అప్పుడే పరాంకుశం గారు దివంగతుని ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరారు. అందరూ లేచి, తలలు వంచి, కళ్ళు మూసుకున్నారు. నేనూ తల వంచాను. నా తల కింద కీబోర్డు ఉంది.

నా సొంత ఖాతాతో నేరుగా ఖజానాలోకి వెళ్ళి, ముందు ప్రోగ్రాంలో ఆ ఒక్క వాక్యం రాశాను. తర్వాత నీళ్ళ వేళల ఫైలు తెరిచి, మేదరబస్తీ వేళనూ పార్కు వేళనూ అటుదిటు మార్చాను. తొందరలో ఒకసారి తప్పు కొట్టి, మళ్ళీ దిద్దాను. కీబోర్డు చప్పుడుకు జంగయ్య ఒక కన్ను తెరిచి చూశాడు. నేను వెక్కుతున్నాననుకున్నాడేమో, మళ్ళీ మూసుకున్నాడు. చివరగా నీళ్ళ వేళల ఫైలును నా పేరిట తీసుకుని తాళం వేశాను. పచ్చటి అక్షరాలు పడ్డాయి. ఈసారి ఎంతసేపు చూసినా ఆ వేళలు మారలేదు.

మర్నాడు తెల్లవారుజామున మేదరబస్తీలో నల్లాలు పారాయి. అదే తెల్లవారుజామున కమిషనర్ గారు పార్కులో నడుస్తూ గడ్డి పొడిగా ఉందని గమనించారు. ఆఫీసుకు రాగానే విచారణ మొదలుపెట్టారు. దాచడానికి ఏమీ లేదు. ఎవరు, ఏ వాక్యం, ఏ క్షణంలో మార్చారో ఖజానా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

నా మీద మోపిన నేరం ఫైలు మార్చడం కాదు. అది క్షమించదగినదేనని పరాంకుశం గారే అన్నారు. మౌన సమయమున పని చేయుట అన్నది అభియోగం. కార్యాలయ చరిత్రలో ఇంతటి అమానుషం జరగలేదని రాశారు. నన్ను తీసేశారు. ఎస్‌వీసీ గారు తిరిగి విధుల్లో చేరినందుకు హర్షం వెలిబుచ్చి, మృతి చెంది ఉన్న కాలాన్ని ఆర్జిత సెలవుగా పరిగణించారు. ఇప్పుడది పని కాగానే ఫైళ్ళు వదిలిపెడుతోంది. సెలవు వల్ల మనిషిలో ఎంతో మార్పు వచ్చిందని ఆఫీసులో అనుకుంటున్నారు. వదిలిన ఫైళ్ళలో మొట్టమొదట కదిలింది బ్యాటరీలదే. కొత్తవి వచ్చాయి. ఇక సర్వరు పడిపోవడమంటూ ఉండదు.

కమిషనర్ గారికి ఇక మిగిలింది ఒక్క పనే. నీళ్ళ వేళలను మళ్ళీ పాత పద్ధతిలోకి మార్చాలి. ఫైలు తెరవబోతే తాళం పడి ఉంది. సీలు కవరు చింపి రహస్యపదం ఇమ్మని ఆయన పరాంకుశం గారిని అడిగారు. ఆ తర్వాత జరిగింది నాకు జంగయ్య చెప్పాడు. పరాంకుశం గారు లేచి నిలబడ్డారట. బీరువాకు వీపు ఆనించి మరీ చెప్పారట.

"సదరు ఫైలు దయాకర్ అధీనమున ఉన్నది. అతను ఛార్జి అప్పగించలేదు. ఎస్‌వీసీ గారికి వర్తించిన నియమము దయాకర్‌కు వర్తించకుండునా?"

ఆ మనిషిని నేను ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. ఆ మాట విన్నాక మాత్రం ఆయన మీద గౌరవం కలిగింది.

ఛార్జి అప్పగించనివాణ్ణి రిలీవ్ చేయడం కుదరదు. రిలీవ్ కానివాణ్ణి తీసేసినట్టు కాదు. అందుకని నేను ఇప్పుడు ఉద్యోగంలో లేను, ఉద్యోగం నుంచి పోనూ లేదు. ఇంకోచోట చేరదామంటే రిలీవింగ్ కాగితం లేదు. నిన్న ఇద్దరు సాక్షులు వచ్చి మా ఇంటి తలుపుకు మెమో అంటించి వెళ్ళారు. ఫైలును తన వద్ద అట్టేపెట్టుకొనుటకు గల కారణములు తెలుపవలెనట, లేనిచో సంతకము పెట్టి ఛార్జి అప్పగించవలెనట. ఇంకో ప్రతి నా ఫోనుకు వచ్చింది.

ఈ ఉదయం అది చదువుతూ బస్టాండు ముందు శంకరవ్వ బండి దగ్గర నిలబడ్డాను. మిర్చీల బండివాడు తన పొయ్యీ స్టూలూ తీసుకుని వెనక్కి జరిగాడు. ఆమె బండి కింద రెండు బకెట్ల నిండా నీళ్ళున్నాయి. మొదటి బస్సు డ్రైవరు తొందరపెడుతున్నా, నా చేతిలో మెరుస్తున్న ఫోను చూసి ఆమె ఆగింది.

"ఏం అడుగుతుండ్రు సారు?"

"ఒక సంతకం పెట్టమంటున్నారవ్వా. పెడితే నా కాగితం నాకొస్తుంది. నీళ్ళు మళ్ళీ పార్కుకు పోతాయి."

ఆమె మూత తీసి ఇడ్లీలు ప్లేటులోకి దించుతూ నా మొహం వైపే చూసింది. నేను ఫోను మీద జవాబు కొట్టి పంపించాను.

'మీ సందేశం అందినది. త్వరలో పరిష్కరించబడును.'

రెండో ఇడ్లీ సగంలో ఉండగానే పరాంకుశం గారి నుంచి కబురొచ్చింది. సమాధానం సంతృప్తికరమట.